మేస్త్రి గారి లేత్‌కు బెల్టు వెతికిన వారం

మేస్త్రి గారు పోయారు. బడంగ్‌పేట్‌లో కూతురింట్లో పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, "జర ఒరుగుత బిడ్డా" అని మంచం మీద వాలిన మనిషి మళ్ళీ లేవలేదట. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి, "సార్, మా నాయిన పోయిండు. మీకు చెప్పకుంటే మంచిగుండదని చేస్తున్న," అంది. ఎవరేం చెప్పినా ఎదురు ప్రశ్న వెయ్యడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. ఆ పూట మాత్రం ఏమీ అడగలేదు. "వస్తున్నానమ్మా" అని ఫోన్ పెట్టేసి, కుడి చెప్పులో ఎడమ కాలు పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాను.

పేపర్లో ఫొటో పడేంత మనిషి కాదాయన. కర్మన్‌ఘాట్‌లో మా అపార్ట్‌మెంటు వెనక గోడకు ఆనుకుని ఒక రేకుల షెడ్డు, అందులో ఒక పాత లేత్ మిషను. ఇనుప కడ్డీని బిగించి గిరగిరా తిప్పుతూ, ఉలితో చెక్కి నున్నగా గుండ్రం చేసే యంత్రం అది. నల్లగొండ జిల్లా పల్లె నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చి, నలభై ఏళ్ళకు పైగా ఆ ఒక్క మిషను మీదే బతికారు. బోరు మోటార్ల ఇరుసులు, ఆటోల బుష్షులు, చెరకురసం బండి రోలర్లు, ఎల్.బి.నగర్ నుంచి తుర్కయంజాల్ దాకా అరిగినవీ విరిగినవీ ఆయన గుమ్మంలోకి వచ్చేవి.

నేనా? తెనాలి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కాలేజీల్లో ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. నాకు కోపం తొందరగా వస్తుంది, సందేహం అంతకంటే తొందరగా వస్తుంది. రిటైరయ్యాక మధ్యాహ్నం కునుకు తీద్దామంటే వెనక షెడ్డులో ఒకటే చప్పుడు. ఒకరోజు తగువు పెట్టుకుందామని చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను. అప్పుడే ఆయన మిషను ఆపి, పైన మెట్లు మెట్లుగా ఉన్న పుల్లీ చక్రం మీద బెల్టును పెద్ద మెట్టు నుంచి చిన్న మెట్టు మీదికి జరుపుతున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏమండీ, పెద్ద చక్రం మీంచి చిన్న చక్రం మీదికి మార్చారు కదా. బెల్టు వదులైపోదూ?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "కింద గుడ చూడుండ్రి సార్. పైన చిన్నదయితే కింద పెద్దదయితది. రెండు కల్పుకుంటే ఎప్పటికి గంతే."

తగువు గాలికి పోయింది. బోర్డు మీద రెండు వృత్తాలు గీసి, వాటికి ఉమ్మడి స్పర్శరేఖలు గీయించి, ఎన్ని వేల మంది పిల్లలకు మార్కులు వేశానో! ఆ బొమ్మ ఇనుముతో చేసి ఎవరో పనికి పెట్టారని నాకు అరవై ఏళ్ళు దాటాక తెలిసింది. ఇంటికెళ్తే మా ఆవిడ, "చెప్పొచ్చారా?" అంది. "చెప్పబోయి చెప్పించుకొచ్చాను," అన్నాను.

అప్పట్నుంచి సాయంత్రం నాలుగయ్యేసరికి నా స్టూలు అక్కడే. "ఎందుకు-సార్ ఒచ్చిండు," అనేవారు నన్ను చూసి, మిషనుతో చెబుతున్నట్టు. నేను అడిగే ప్రతిదానికీ జవాబుండేది, కాకపోతే ఆయన తీరిక చూసుకుని చెప్పేవారు. నాకు మరీ ఆత్రమెక్కువైతే, "తొందరుంటే చాయ్ తాగుండ్రి సార్," అని ఫ్లాస్కు ముందుకు జరిపేవారు. చెక్కిన కడ్డీ నునుపు చూడటానికి చేత్తో తడిమేవారు కాదు. బొటనవేలి గోరుతో ఒక్క గీత గీసి, చెవి ఒగ్గి వినేవారు. చర్మం మొద్దుబారినా గోరు మొద్దుబారదని అనేవారు. నేనూ గీసి చూశాను. నిజమే, కళ్ళకు అద్దంలా కనిపించిన చోట గోరుకు గరుకు తగిలింది.

మంగళవారం మంగళవారం ఆంజనేయస్వామి గుడికి వెళ్ళొచ్చేవారు. అక్కడ చేతికి కట్టిన ఎర్ర దారాన్ని షెడ్డులోకి రాగానే విప్పి మిషను హ్యాండిలుకు కట్టేసేవారు. అదేమిటండీ అంటే, "చేతికి దారముంటే మిషన్ల గుంజుకపోతది. దేవుడు కాపాడాల్నని కట్టుకున్నదే కొంప ముంచితే ఎట్ల? దానికి కట్టిన. అది మంచిగుంటే నేను మంచిగున్నట్టే," అన్నారు. ఉంగరం, గడియారం, పొడుగు చేతుల చొక్కా, ఏదీ ఆ మిషను దగ్గరికి రాకూడదు. ఓసారి కండువా వేసుకొచ్చానని నన్ను గుమ్మం బయటే నిలబెట్టి తిట్టినంత పని చేశారు. నాకు కోపం వచ్చింది కానీ కండువా మళ్ళీ వేసుకోలేదు.

పోయినేడు నుంచి ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. దవాఖానలో మాత్రలిచ్చారు, వణుకు తగ్గలేదు. అదే సమయానికి స్థలం యజమాని షెడ్డు కొట్టేసి కాంప్లెక్సు కట్టుకుంటానని ఖాళీ చెయ్యమన్నాడు. కూతురు తనతో వచ్చెయ్యమంది. అన్నిటికీ సరే అన్నారాయన. ఒక్క మిషను విషయంలోనే మనసు నిలవలేదు. పాత ఇనుము కొనేవాడు అప్పటికే రెండుసార్లు వచ్చి, చుట్టూ తిరిగి, కాలితో తన్ని చూసి వెళ్ళాడు.

"మనిషికైతే దహనం చేస్తరు, మర్యాద ఉంటది," అన్నారు ఒక సాయంత్రం. "నడిచే మిషన్ను సుత్తెలతోని పలగ్గొట్టి తూకమేస్తరు సార్. నేను చూసిన. నాది గట్ల పోవద్దు. ఎవలన్న దాని మీద పని చేస్కుంట బతకాలె."

అదృష్టం బాగుండి తుర్కయంజాల్‌లో బోరు మోటార్లు బాగుచేసే ఒకతను అడిగాడు. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. నడిపి చూపిస్తే తీసుకుంటాడు, నడవకపోతే తనకొద్దు. ఆ వచ్చే వారంలోనే షెడ్డు ఖాళీ చెయ్యాలి. అంటే ఆదివారం తప్పితే ఇక తుక్కే.

ఈ మాటయిన బుధవారం నాడే, నేను చూస్తుండగానే, బెల్టు ఫట్టుమని తెగింది. తెగిన కొస గోడకు కొట్టుకుని కింద పడింది. మేస్త్రి గారు స్విచ్చి ఆపి, దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇన్నేండ్లు ఆగినవ్, ఇంక నాల్రోజులు ఆగలేవా?" అని దాన్నే అడిగారు. నాకు ప్రాణం ఉసూరుమంది. పైకి మాత్రం గొప్పగా, "బెల్టే కదా! నేను తెస్తాను," అన్నాను.

ఇంటి నుంచి టేపు తెచ్చి తెగిన బెల్టును నేల మీద పరిచి కొలవబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"దాన్ని కొలవొద్దు సార్. సాగీ సాగీ అది తన కొలత మర్సిపోయింది. పుల్లీలనడుగుండ్రి."

పురికొస తెచ్చి రెండు పుల్లీల చుట్టూ బిగువుగా చుట్టి, ముడి దగ్గర కత్తిరించి నా చేతిలో పెట్టారు. నా అహం ఊరుకుంటుందా? రెండు పుల్లీల వ్యాసాలు, మధ్య దూరం రాసుకుని ఇంటికెళ్ళి, క్యాలెండరు వెనక సూత్రం వేసి లెక్క కట్టాను. దారానికీ నా లెక్కకూ అర అంగుళం తేడా రాలేదు! పరిగెత్తుకెళ్ళి చూపించాను.

"మీ కాయితం మంచిగున్నది. నా దారం గుడ మంచిగున్నది," అన్నారు మేస్త్రి గారు. "బెల్టు మాత్రం ఇంక రాలే."

గురువారం ఎల్.బి.నగర్ చౌరస్తా నుంచి ఆటోనగర్ దాకా ఏ దుకాణమూ వదల్లేదు. ఈ రోజుల్లో అందరూ వాడేది పక్కలు వాలుగా ఉండే నల్ల బెల్టు. మనకు కావాల్సింది పట్టీలా చదునుగా ఉండే పాతకాలపు బెల్టు. "చదును బెల్టా అంకుల్? గది మా నాయిన గల్లా మీద కూసున్నప్పుడు అమ్మేది," అన్నాడొకతను. ఇంకో దుకాణంలో నంబరు చెప్పమన్నారు. "నంబరు లేదయ్యా, దారం ఉంది," అని జేబులోంచి పురికొస తీస్తే దుకాణమంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ. నాకు మాత్రం ఎక్కడికెళ్ళినా కొత్త సంగతి తెలుస్తోంది. ఏ బెల్టు దేనికి, ఎందుకు మందం, ఎందుకు పళ్ళు, అన్నీ అడిగాను. ఒకాయన విసుగొచ్చి, "కొంటరా, పరీక్ష రాస్తరా?" అన్నాడు.

శుక్రవారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక ఒక పాత హార్డ్‌వేర్ కొట్లో దొరికింది. ఏదో ప్రింటింగు మిషను కోసం తెప్పించి మిగిలిపోయిందట. చదునైనది, పలచనిది, అతుకన్నది లేకుండా గుండ్రంగా ఒకే ముక్కగా ఉన్నది. నా దారం దాని చుట్టూ పెడితే అచ్చంగా సరిపోయింది. ఆ సంతోషంలో దాన్ని దండలా మెడలో వేసుకుని ఆటో ఎక్కాను. డ్రైవరు అద్దంలో నన్నే చూస్తూ నడిపాడు.

మేస్త్రి గారు బెల్టును అటూ ఇటూ వంచి, గోరుతో గీసి, "మస్తున్నది సార్. ఎక్కియ్యుండ్రి," అన్నారు.

నేను మిషను దగ్గరికెళ్ళాను. పై పుల్లీ ఇరుసు మధ్యలో ఉంది. ఆ ఇరుసు రెండు కొసలూ రెండు పక్కలా పోత ఇనుము దిమ్మెల్లోని బేరింగుల్లో కూర్చుని ఉన్నాయి. ఇటు నుంచి పెట్టబోయాను, దిమ్మె అడ్డం. అటు తిరిగాను, అటూ దిమ్మే. బెల్టు పట్టుకుని మిషను చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాక అప్పుడు వెలిగింది బుర్ర. చేతికి గాజు ఎక్కాలంటే వేళ్ళ వైపు ఖాళీ ఉండాలి కదా! రెండు కొసలూ మూసుకుపోయిన ఇరుసు మీదికి అతుకు లేని బెల్టు ఏ దారిన ఎక్కుతుంది? ముప్పై ఏళ్ళు ఆ బొమ్మ గీశాను. వృత్తాలు గీశాక రేఖలు గీస్తాం, అక్కడితో అయిపోతుంది. బోర్డు మీద బెల్టు ఎక్కించే పని ఎవరికుంటుంది?

మేస్త్రి గారు నవ్వడం మొదలెట్టారు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"మీరడగలే సార్! అన్ని అడిగిండ్రు, గిదొక్కటి అడగలే. బెల్టు తెస్త అంటే తెగిన బెల్టు లెక్కనే పట్టీ తెస్తరనుకున్న. దాన్ని ఈడ చుట్టి ఈడనే అతికిస్తరు."

"పోనీ ఇరుసు విప్పి, దీన్ని ఎక్కించి, మళ్ళీ బిగిస్తే?"

నవ్వు ఆగిపోయింది. తన కుడిచెయ్యి చూసుకున్నారు. "విప్పుడు అల్కనే. మళ్ల కూసోవెట్టాలె. వెంట్రుక మందం అటిటు అయితే మిషన్ ఆగమైతది. ఈ చెయ్యితోని నాకు కాదు సార్. ఇంకొకరి చెయ్యి పెట్టనియ్య."

ఆ మాటకు నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయనకున్నది నాలుగు రోజులు, అందులో మూడు నా తెలివి తినేసింది. ఇంటికొచ్చి అన్నం సయించక కంచం ముందు కూర్చుంటే మా ఆవిడ, "రేపు పొద్దున్నే పిండి ఆడించుకు రండి, డబ్బా ఖాళీ," అంది. నేను ఎంత బాధలో ఉన్నా ఆవిడ డబ్బాలు ఖాళీ అవుతూనే ఉంటాయి.

శనివారం పొద్దున గోధుమలు మోసుకుని గిర్నీకి వెళ్ళాను. ఆ పిండి గిర్నీ నడిపే అక్క దగ్గర పదిహేనేళ్ళుగా ఆడిస్తున్నాను. వెళ్ళినప్పుడల్లా మూతికి రుమాలు కట్టుకుని పిండి వంకే చూస్తాను. ఆ రోజు దిగులుగా తల పక్కకు తిప్పాను. మోటారు నుంచి గిర్నీ దాకా, బెత్తెడు వెడల్పు గోనె రంగు పట్టీ పరుగెడుతోంది. చదునుగా!

"అక్కా! అది ఎలా ఎక్కించారు?" అని అరిచాను.

"ఏందది సార్?"

"ఆ బెల్టు! రెండు వైపులా మూసుందిగా, ఎలా ఎక్కించారు?"

ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఎక్కిచ్చుడేంది? పట్టీ తెచ్చి ఈడనే చుట్టి ఈడనే జోడిస్తం. ఎందుకు, ఏమయింది?"

సంగతంతా చెప్పాను. మేస్త్రి గారి పేరెత్తేసరికి ఆవిడ గిర్నీ ఆపేసి, బస్తాల వెనకనుంచి చుట్టి పెట్టిన పట్టీ ముక్క ఒకటి తీసింది. దుమ్ము దులిపి నా చేతిలో పెట్టి, "పాత గిర్నీ కూలిపోతుంటే రెండుపాలి ఇరుసు చేసి నిలవెట్టిండు ఆ పెద్దమనిషి. దీనికి నన్నేమడగొద్దు, తీస్కపోండ్రి," అంది. నా గోధుమలు అక్కడే వదిలేసి వచ్చాను. పిండి సంగతి మా ఆవిడ సాయంత్రం దాకా ఎత్తుతూనే ఉంది.

మేస్త్రి గారు ఆ ముక్కను చూసి తలూపారు. "దొరికింది. గని బలిసింది," అన్నారు. నాలుగు పొరల గుడ్డ, మధ్యలో రబ్బరు. అంత మందం చిన్న పుల్లీ మీద వంగదు. రెండు పొరలు ఊడదీయాలి. ఇద్దరం చెరో కొసా పట్టుకుని కటింగ్‌ప్లేయరుతో గుంజితే మధ్యాహ్నానికి రెండు పొరలు విడిపోయాయి. తర్వాత వెడల్పు కొయ్యాలి, రెండు కొసలూ వాలుగా పలచగా చెక్కాలి. అలా చెక్కి ఒకదాని మీద ఒకటి అతికిస్తేనే అతుకు దగ్గర మందం పెరగదు. ఆయన కత్తి తీశారు. కత్తి మొన బెల్టు మీద ఆగలేదు. రెండోసారి పెట్టారు, ఆగలేదు. కత్తి పిడి నా వైపు తిప్పారు.

"మీరు కొయ్యుండ్రి సార్."

"నేనా! జీవితంలో మామిడికాయ సరిగ్గా కొయ్యలేదు మేస్త్రి గారూ!"

"బోర్డు మీద స్కేలు లేకుంట గీత గీస్తరని మీ పోరగాండ్లు చెప్తరంట గద. గీత గియ్యుండ్రి. కొయ్యొద్దు, గియ్యుండ్రి."

గీశాను. సుద్దముక్క పట్టుకున్నట్టే కత్తి పట్టుకుని, ఒక్క ఊపులో. తిన్నగా వచ్చింది! నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆయన చూడకుండా ముఖం తిప్పుకున్నాను. కొసల్ని చెక్కడం మాత్రం, కోయగా మిగిలిన పీలికల్లో మూడు పాడుచేస్తే గాని రాలేదు. అతుకు ఏ వాలున ఉండాలో కూడా చెప్పారు. పైకొస వెనక్కి వాలి ఉండాలట, తల దువ్వుకున్నట్టు. ఎదురు వాలు అయితే పుల్లీ దాన్ని లేపేస్తుంది. బెల్టును మిషను మీదే చుట్టి, గమ్ము రాసి, రెండు చెక్కల మధ్య బిగించి వదిలేశాం. ఎందుకు, ఎలా అని నేను అడిగినవన్నీ ఆ రోజు ఆయన ఒక్కటీ దాటవేయకుండా చెప్పారు.

ఆదివారం పదకొండింటికి తుర్కయంజాల్ అతను వచ్చాడు. మేస్త్రి గారు స్విచ్చి వేశారు. బెల్టు ఒకసారి అల్లాడి, కుదురుకుని, తిరిగింది. నేను నా అతుకునే చూస్తున్నాను. ప్రతి చుట్టుకూ అతుకు పుల్లీ మీదికి వచ్చినప్పుడు టక్కుమంటోంది.

"ఏందా చప్పుడు?" అన్నాడతను.

"కొత్త అతుకు. నిన్న వేసినం. మా సార్ వేసిండు," అన్నారు మేస్త్రి గారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అంతటితో ఆగారా? ఉలి జరిపే హ్యాండిల్లో పావు చుట్టు ఖాళీ తిరుగుతుందని, ఫలానా చోట పట్టాలు అరిగాయని, ఉన్న లోపాలన్నీ వరసగా చూపించారు. నేను వెనకనుంచి సైగలు చేస్తున్నా పట్టించుకోలేదు. చివరికి కడ్డీ ఒకటి బిగించి పక్కకు తప్పుకున్నారు.

"నేను కోస్తే నా చెయ్యిని చూస్తవు. నువ్వు కొయ్యి. మిషన్ను చూస్తవు."

అతను కోశాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆపి, కడ్డీ మీద బొటనవేలి గోరుతో గీశాడు. ఇంకోసారి గీశాడు. "తీస్కపోత పెద్దయ్యా," అన్నాడు. మేస్త్రి గారు స్టూలు మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు.

అది జరిగి రెండు నెలలు. ఆ తర్వాత బడంగ్‌పేట్ వెళ్ళి ఆయన్ను మూడుసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ మిషను కుశలమే చెప్పారు. అతుకు చప్పుడు వారానికే పోయిందట, తుర్కయంజాల్ అతను ఫోన్ చేశాడట. నాకు లెక్కలు రావని ఒప్పుకునే ధైర్యం అరవై దాటాక వచ్చింది, ఆయన వల్ల వచ్చింది. ఏ వస్తువు చూసినా ఇది ఇక్కడికి ఎలా ఎక్కింది అని ఇప్పుడు అడుగుతున్నాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి లేకుండా పోయాడు, ఆ బాధ తీరేది కాదు.

మిషను వెళ్ళిన మంగళవారమే నాకు పదే పదే గుర్తొస్తోంది. చిన్న లారీ తెచ్చారు. పడుకోబెట్టలేదు, నిలబెట్టే నాలుగు వైపులా తాళ్ళు కట్టారు. ఎక్కించే ముందు మేస్త్రి గారు మోటారు బోల్టు వదులు చేసి బెల్టు బిగువు తీసేశారు, ప్రయాణంలో దానికి భారం ఎందుకని. లారీ కదిలింది. మా సందంతా గతుకులే. మొదటి కుదుపుకు దాని చక్, అంటే కడ్డీని పట్టుకునే ఆ పెద్ద గుండ్రటి ఇనుప పిడికిలి, దానంతటదే మెల్లగా తిరగడం మొదలెట్టింది. ఒక గతుక్కి ఇటు, ఇంకో గతుక్కి అటు. "చూడుండ్రి సార్," అన్నారు మేస్త్రి గారు, నా భుజం పట్టుకుని. కరెంటు లేదు, మీద ఎవరి చెయ్యీ లేదు. లారీ సాగర్ రోడ్డు వైపు మలుపు తిరిగేదాకా, పొద్దుటెండ అంచుకు తగిలి మెరుస్తూ, అది తిరుగుతూనే ఉంది.